వాలై జిగ్గింగ్‌కు ఎలాంటి రాడ్ కొనాలి? ఏప్రిల్‌లో డెట్రాయిట్ నదికి వెళ్తున్నాను

కాలవగట్టు | కాంటన్, మిషిగన్ | మార్చి 2

అందరికీ నమస్కారం. ఇక్కడి టపాలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మాది అమలాపురం దగ్గర చిన్న పల్లె. వెదురు కర్రకు దారం కట్టి, నెమలీక కాడను బెండుగా వేసి, వానపాము గుచ్చి పంటకాలవలో గాలం వేస్తూ పెరిగాను. కాబట్టి గాలం నాకు కొత్త కాదు. ఇక్కడ వాలై అనే చేపకు చేసే జిగ్గింగ్, అంటే జిగ్‌ను (సీసపు గుండు ఉన్న గాలం) నీటి అడుగుకు దించి, ఎత్తి దించుతూ పట్టడం, మాత్రం పూర్తిగా కొత్త.

పోయిన ఏప్రిల్‌లో మా ఆఫీసు మిత్రుడు తన పడవలో డెట్రాయిట్ నదికి తీసుకువెళ్లాడు. ముందురోజు ఒక దుకాణానికి వెళ్లి వాలైకి రాడ్ కావాలని అడిగాను. ఎనిమిదిన్నర అడుగుల రాడ్ ఒకటి చేతిలో పెట్టారు. దాని మీద పెద్ద అక్షరాలతో వాలై అనే రాసి ఉంది, నమ్మి కొన్నాను. నది మీద ఐదు గంటలు ఉన్నాం. మిగతా ముగ్గురూ తలా నాలుగైదు చేపలు పట్టారు. నాకు జిగ్ నది అడుగును తాకిందో లేదో కూడా తెలియలేదు. చివరి అరగంటలో మిత్రుడు తన రాడ్ నాకిచ్చి చూడమన్నాడు. జిగ్ దించగానే అడుగున రాయి తగిలిన సంగతి అరచేతిలో టక్కున తెలిసింది. అదే నది, అదే పడవ, అదే చెయ్యి!

ఈసారి సరైనది కొనాలని పట్టుదలగా ఉన్నాను. రాడ్, రీల్ (దారం చుట్టే చక్రం) కలిపి 200 డాలర్ల లోపు కావాలి. ఏప్రిల్‌లో పడవ మీద నదికి, వేసవిలో పిల్లలతో చిన్న సరస్సుల గట్టుకు. రెండింటికీ ఒకటే సరిపోతుందా? ఎంత పొడవు ఉండాలి, ఎంత గట్టిగా ఉండాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

---

పదివేల_సరస్సులు | ఈడెన్ ప్రెయిరీ, మిన్నెసోటా | మార్చి 2

స్వాగతం తమ్ముడూ. మీకు అమ్మినది ట్రోలింగ్ రాడ్. పడవ నెమ్మదిగా నడుస్తుండగా వెనక ఎరను లాక్కువెళ్లడానికి వాడేది. చేప కొట్టినప్పుడు గాలం ఊడిపోకుండా అది సగం దాకా మెత్తగా వంగాలి, అందుకే అలా చేస్తారు. జిగ్గింగ్‌కు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. దుకాణంలో వాళ్లు అబద్ధం చెప్పలేదు కానీ, మీరు ఏ పద్ధతిలో పడతారో అడగవలసింది.

నా సలహా ఒక్క మాటలో: ఆరున్నర అడుగులు, మీడియం లైట్ పవర్, ఫాస్ట్ లేదా ఎక్స్‌ట్రా ఫాస్ట్ యాక్షన్, 2500 సైజు స్పిన్నింగ్ రీల్. పదహారేళ్లుగా మిల్ లాక్స్ సరస్సులో ఇదే వాడుతున్నాను. 1/8 ఔన్సు జిగ్‌కు జలగను గుచ్చి రాతిగుట్టల మీదకు విసిరితే, అది దిగుతున్నంతసేపూ చేతికి తెలుస్తూనే ఉంటుంది. ఈ రాష్ట్రంలో 1965 నుంచి వాలై రాష్ట్ర చేప, కాబట్టి ఇక్కడ ఈ రాడ్ లేని ఇల్లు తక్కువ. రెండో ఆలోచన లేకుండా కొనుక్కోండి.

---

నదిలో_నావ | వయాండాట్, మిషిగన్ | మార్చి 3

పై మిత్రుడంటే నాకు గౌరవం ఉంది, ఆయన చెప్పింది సరస్సుకు నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అడిగినది డెట్రాయిట్ నది గురించి. ఆ రాడ్ తీసుకుని ఏప్రిల్‌లో ఇక్కడికి వస్తే ఈ తమ్ముడికి మళ్లీ పోయినేడాది అనుభవమే మిగులుతుంది. అందుకని కాస్త వివరంగా రాస్తాను.

ఈ నది సెయింట్ క్లెయిర్ సరస్సు నీళ్లను ఈరీ సరస్సులోకి మోసుకుపోతుంది. వసంతంలో ఈరీ నుంచి వాలైలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కి వస్తాయి. నీళ్లు చల్లగా ఉంటాయి, చేప బద్ధకంగా అడుగున రాళ్లను అంటిపెట్టుకుని ఉంటుంది. అది తన నోటి దగ్గరికి వచ్చినదాన్నే తింటుంది. అంటే మీ జిగ్ ఇరవై అడుగుల లోతులో, ఆ ప్రవాహంలో, అడుగుకు బెత్తెడు పైన ఆడుతూ ఉండాలి. 1/8 ఔన్సు జిగ్ అక్కడ అడుగు చేరదు, గాలిపటంలా కొట్టుకుపోతుంది. మేం వాడేది 1/2 ఔన్సు నుంచి 3/4 దాకా, గాలి ఎదురు తిరిగిన రోజు ఔన్సు కూడా.

ఇప్పుడు మీడియం లైట్ రాడ్‌కు 3/4 ఔన్సు కట్టి ప్రవాహంలో దించి చూడండి. జిగ్ బరువుకు, నీటి ఒత్తిడికి కొస అప్పటికే వంగి ఉంటుంది. వంగి ఉన్న కొసకు మళ్లీ వంగి కబురు చెప్పే చోటు లేదు. మీరు బెత్తెడు పైకి ఎత్తితే ఆ ఎత్తంతా కొస వంపులోనే కలిసిపోతుంది, కింద జిగ్ కదలనే కదలదు. చేప అందుకున్నా అంతే, మీరు గుంజిన గుంజుడు దాని దవడ దాకా వెళ్లదు. వాలై నోరు ఎముక, పళ్లు. గాలం దిగాలంటే ఆ గుంజుడు సూటిగా వెళ్లాలి.

అందుకే ఈ నదికి మీడియం పవర్, ఎక్స్‌ట్రా ఫాస్ట్ యాక్షన్, ఆరడుగుల నుంచి ఆరడుగుల మూడంగుళాల పొడవు. పొట్టిది ఎందుకంటే ఇక్కడ విసిరే పని లేదు. పడవ పక్కనే నిలువుగా దించుతాం. ముందున్న కరెంటు మోటారుతో పడవను ప్రవాహం వేగానికే జారనిస్తే దారం తాడుకు కట్టిన గుండులా నిట్టనిలువుగా ఉంటుంది. దారం ఏటవాలుగా పోతోందంటే అడుగు మన చేతిలో లేనట్టే. పొట్టి రాడ్ అయితే కొస నీటికి దగ్గరగా ఉంటుంది, గాలి దారాన్ని పొట్టలా ఉబ్బించదు, ఐదారు గంటలు ఎత్తి దించినా మణికట్టు నొప్పి పుట్టదు.

మీ మిత్రుడి రాడ్ ఏదో కనుక్కోండి. తొంభై పాళ్లు నేను చెప్పినదే అయి ఉంటుంది.

---

కాలవగట్టు | మార్చి 3

అడిగాను అన్నా. ఆరడుగుల మూడంగుళాలు, మీడియం, ఎక్స్‌ట్రా ఫాస్ట్. మీరు చూసి చెప్పినట్టే ఉంది!

ఒక సందేహం. ఈ పవర్, యాక్షన్ అనే రెండు మాటలూ నాకు ఒకటే అనిపిస్తున్నాయి. రెండూ గట్టిదనమే కదా?

---

వెదురుబొంగు | గ్రీన్ బే, విస్కాన్సిన్ | మార్చి 4

రెండూ వేరండీ. ఈ తేడా తెలియకే చాలామంది తప్పు రాడ్ కొంటారు.

పవర్ అంటే వంచడానికి ఎంత బలం కావాలి అన్నది. యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుంది అన్నది. మీ ఊరి ఉదాహరణే తీసుకోండి. లేత వెదురు కొమ్మకు బరువు కట్టి ఎత్తితే మొదలు దాకా విల్లులా వంగుతుంది. అది నిదానమైన యాక్షన్. ముదురు బొంగు చివర సన్నని ఈనె బిగించారనుకోండి, ఈనె మాత్రమే వంగుతుంది, బొంగు కదలదు. అది ఫాస్ట్ యాక్షన్. రాడ్‌లో పైన మూడో వంతు మాత్రమే వంగితే ఫాస్ట్, అంతకన్నా తక్కువ భాగం వంగితే ఎక్స్‌ట్రా ఫాస్ట్. ఈనె లావుదా, సన్నదా అన్నది పవర్.

పిడికి కాస్త పైన, రాడ్ ఒంటి మీద చిన్న అక్షరాలతో ఒక వరుస రాసి ఉంటుంది. పొడవు, పవర్, యాక్షన్, ఎన్ని పౌండ్ల దారం, ఎన్ని ఔన్సుల ఎర. కొనేటప్పుడు చదవవలసింది ఆ వరుసనే, పెద్ద అక్షరాల పేరును కాదు. మీడియం లైట్ మీద తరచుగా 1/8 నుంచి 1/2 ఔన్సు అని, మీడియం మీద 1/4 నుంచి 5/8 లేదా 3/4 అని కనిపిస్తుంది. కంపెనీకీ కంపెనీకీ ఈ కొలతలు ఒకటి కావు. ఒకరి మీడియం లైట్ మరొకరి మీడియమంత గట్టిగా ఉండవచ్చు. అందుకని ముందు మీ జిగ్ బరువు తేల్చుకోండి, తర్వాత ఆ బరువు రాడ్ కొలతల నడుమ వచ్చేలా చూసుకోండి. ఆ హద్దు దాటితే అది మీ రాడ్ కాదు.

మరొకటి. గ్రాఫైట్ రాడ్ల మీద ఐఎమ్6, ఐఎమ్8 వంటి గుర్తులుంటాయి. నా ఉద్యోగం ఇలాంటి నార పదార్థాలతోనే కాబట్టి చెబుతున్నాను: బిగువైన గ్రాఫైట్ వాడితే తక్కువ పదార్థంతోనే అదే గట్టిదనం వస్తుంది. రాడ్ తేలికవుతుంది, అదురు బాగా తెలుస్తుంది. కానీ గోడ పలుచన కాబట్టి దెబ్బకు ఓర్చుకోదు. పైగా ఈ గుర్తులకు అందరూ ఒప్పుకున్న ఒకే కొలమానం లేదు, వేర్వేరు కంపెనీల రాడ్లను వాటితో పోల్చకండి. మొదటి రాడ్‌కు మధ్యరకం గ్రాఫైట్ చాలు.

మా రాష్ట్రంలోని పార్క్ ఫాల్స్‌లో 1948 నుంచి సెయింట్ క్రోయ్ రాడ్లు తయారవుతున్నాయి. నాకు వాటి మీద అభిమానం ఉంది, దాచను. కానీ మీ 200 డాలర్లలో రీల్, దారం కూడా రావాలి కాబట్టి పేరు కోసం పాకులాడవద్దు.

---

ఈరీ_తీరం | క్లీవ్‌లాండ్, ఒహాయో | మార్చి 4

మంచి చర్చ జరుగుతోంది. ఆడవాళ్ల వైపు నుంచి నేనూ రెండు మాటలు చెబుతాను. నా చెయ్యి చిన్నది, మణికట్టు సన్నం. అందుకే బరువు గురించి మీకన్నా ఎక్కువ ఆలోచించవలసి వచ్చింది.

మార్చి నెలాఖరు నుంచి మేం పోర్ట్ క్లింటన్ వైపు వెళ్లి, సరస్సు పడమటి భాగంలోని రాతిగుట్టల మీద జిగ్గింగ్ చేస్తాం. అక్కడ సరస్సు సగటు లోతు 24 అడుగులే. పక్కనే క్యాంప్ పెరీ సైనిక శిబిరం ఉంది, కాల్పుల అభ్యాసం ఉన్న రోజున కొన్ని గుట్టల దగ్గరికి పోనివ్వరు, ముందే కనుక్కుని వెళ్లాలి. మేం వాడేది జింక తోక వెంట్రుకలతో కట్టిన జిగ్, అరౌన్సుకు అటూ ఇటూ. దాన్ని మీ నదిలోలా బెత్తెడు ఎత్తితే కుదరదు. మూరెడు పైకి చటుక్కున గుంజి, దారం పూర్తిగా వదులు కాకుండా, అలాగని బిగియకుండా వెనువెంటనే రాడ్ కొసను కిందికి దించుతూ జిగ్‌ను దిగనివ్వాలి. చేప దాదాపు ఎప్పుడూ దిగేటప్పుడే అందుకుంటుంది. కాబట్టి నాది ఆరడుగుల ఎనిమిదంగుళాల మీడియం ఫాస్ట్. జిగ్గింగ్ అనే ఒక్క మాట కింద ఇన్ని రకాల పనులున్నాయి.

రాడ్ బరువు తూకంలో చూడకండి, చేతిలో చూడండి. మీ రీల్‌ను వెంట తీసుకువెళ్లి దుకాణంలోనే బిగించండి. రీల్ కాడకు కాస్త ముందు ఒక్క వేలి మీద రాడ్‌ను నిలబెట్టండి. కొస కిందికి వాలిపోతే రోజంతా ఆ బరువును మీ మణికట్టే మోయాలి. తేలికైన రాడ్ కూడా తూకం తప్పితే బరువే.

రెండో పరీక్ష. నేను పిడి పట్టుకుని కళ్లు మూసుకుంటాను. మా వారు కొసను తన గొంతుకు ఆనించి నెమ్మదిగా మాట్లాడతారు. ఆ గొంతు అదురు పిడిలో తెలుస్తుంది. నాలుగు రాడ్లతో అలా చేసి చూస్తే, ఒకదానిలో ఏమీ తెలియలేదు, ఒకదానిలో తేనెటీగ చేతిలో ఉన్నట్టు అనిపించింది. అక్కడున్నవారు వింతగా చూశారు, మేం పట్టించుకోలేదు. ధరకూ దానికీ సంబంధం లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. ఆ తేనెటీగ రాడ్ నాలుగింటిలో రెండో చవకది.

---

నిర్వాహకులు | మార్చి 5

రెండు గుర్తుచేయింపులు. మిషిగన్ చేపల లైసెన్సు గడువు మార్చి 31తో ముగుస్తుంది, ఏప్రిల్‌లో వెళ్లేవారు కొత్తది తీసుకోవాలి. డెట్రాయిట్ నది మధ్యగా కెనడా సరిహద్దు పోతుంది. అవతలి నీళ్లలో గాలం వేయాలంటే ఒంటారియో లైసెన్సు ఉండాలి. చేపల కొలత, రోజుకు ఎన్ని అన్న నియమాలు ఆ ఏటి పుస్తకంలో చూసుకోండి.

---

కొల్లేటి_కొంగ | ఏలూరు | మార్చి 5

అమెరికాలో ఉన్న అన్నలకు నమస్కారం. మీ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. రెండు ప్రశ్నలు. ఈ వాలై మన వాలుగేనా? మా అన్నయ్య వచ్చేటప్పుడు ఈ రాడ్ ఒకటి తెప్పించుకుంటే కొరమేనుకు పనికొస్తుందా?

---

వెదురుబొంగు | మార్చి 5

పేర్లు దగ్గరగా వినిపిస్తాయి కానీ ఏ చుట్టరికమూ లేదు తమ్ముడూ. వాలుగకు పొలుసులుండవు, మీసాలుంటాయి, అది జెల్లల జాతి. వాలైకి గరుకు పొలుసులు, వీపున ముళ్ల రెక్క ఒకటి, మెత్తని రెక్క ఒకటి. పెర్చ్ కుటుంబం. దాని కంటి వెనక అద్దంలా వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది, అందుకే మసక వెలుతురులో బాగా చూస్తుంది. రాత్రి దీపం పడితే పండుగప్ప కళ్లు ఎలా మెరుస్తాయో చూసే ఉంటారు, ఇదీ అంతే.

కొరమేనుకు ఈ రాడ్ తెప్పించుకోవద్దు. అది తూటికాడల్లో, నాచులో ఉంటుంది. కొట్టిన మరుక్షణం నాచులోకి దూరుతుంది. దాన్ని నాచుతో సహా బయటికి లాగగల గట్టి రాడ్, లావు బ్రెయిడ్ (పోగులు అల్లిన దారం) కావాలి. రబ్బరు కప్ప ఎర దానికి బాగుంటుంది. వాలై రాడ్ ఆ పనిలో రెండుగా విరుగుతుంది.

---

మంచుగడ్డ | విన్నిపెగ్, మానిటోబా | మార్చి 6

మీరంతా రాడ్ గురించే మాట్లాడుతున్నారు. దారం గురించి ఒక్కరూ ఎత్తలేదు, అది నాకు బాధగా ఉంది.

మా దగ్గర ఈ చేపను పికరెల్ అంటారు. రెడ్ నదిలో ఇరవై ఏళ్లుగా పడుతున్నాను. మొదటి ఐదేళ్లూ మంచి రాడ్‌కు నైలాన్ దారం చుట్టి పట్టాను. నైలాన్ సాగుతుంది. పాతిక అడుగుల లోతులో చేప ముద్దాడినంత మెల్లగా అందుకుంటే ఆ కబురు దారంలోనే ఆరిపోతుంది. తర్వాత 40 డాలర్ల రాడ్‌కు 10 పౌండ్ల బ్రెయిడ్ చుట్టాను. అది దాదాపు 2 పౌండ్ల నైలాన్ అంత సన్నం, సాగదు, ప్రవాహం దాన్ని అంతగా నెట్టదు. మునుపు 5/8 ఔన్సు కావలసిన చోట అరౌన్సుతో అడుగు అందింది. నా వేళ్లకు కొత్త ప్రాణం వచ్చినట్టనిపించింది. చివర మూడు నాలుగడుగులు 8 లేదా 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం ముడివేయండి. బ్రెయిడ్ పసుపురంగుది తీసుకోండి. చాలాసార్లు చేతికన్నా ముందు కంటికే తెలుస్తుంది, దారం పక్కకు ఒక్క గింజంత కదులుతుంది.

రాడ్ ఉంగరాలు మరీ చిన్నవి ఉన్నది కొనకండి. బ్రెయిడ్, ఫ్లోరోకార్బన్ కలిసిన ముడి వాటిలో చిక్కుతుంది. పైగా ఏప్రిల్ తెల్లవారుజామున తడి దారం మీద నీళ్లు ఉంగరాల్లోనే గడ్డకడతాయి. పెద్ద ఉంగరమైతే వేలితో నొక్కి రాల్చేయవచ్చు.

---

పదివేల_సరస్సులు | మార్చి 6

నదిలో_నావ గారూ, మీ టపా రెండుసార్లు చదివాను. వంగి ఉన్న కొసకు కబురు చెప్పే చోటు లేదన్న మాట నన్ను ఆలోచనలో పడేసింది. పోయిన వసంతంలో రెడ్ వింగ్ దగ్గర మిసిసిపీ నదిలో ఇదే మీడియం లైట్‌తో వెళ్లి, చేపలు లేవనుకుని తిరిగి వచ్చాను. పక్క పడవవాళ్లకు పడ్డాయి. కారణం ఇదేనని ఇప్పుడు తెలుస్తోంది. నదికి మీ మాటే ఖాయం, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ పిల్లల సంగతి మరచిపోకండి. వేసవిలో గట్టున నిలబడి 1/8 ఔన్సు విసరడానికి మీ ఆరడుగుల మీడియం పనికిరాదు. తేలిక జిగ్ ఆ కొసను వంచలేదు, కొస వంగకపోతే జిగ్ దూరం పోదు. ఒకే రాడ్ అంటే రెండు పనులూ సగం సగమే అవుతాయి.

---

నదిలో_నావ | మార్చి 6

పెద్ద మనసుతో రాశారు, సంతోషం. పిల్లల విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటాను.

తమ్ముడూ, ఇలా చెయ్యి. రీల్ ఒకటే మంచిది కొను, అదనపు స్పూల్ (రీల్‌లో దారం చుట్టుకునే ఉండ) ఉన్నది చూడు. నదికి మీడియం రాడ్ ఇప్పుడు తీసుకో. చవక మీడియం లైట్ రాడ్ వేసవిలో తీసుకోవచ్చు. ఒక స్పూల్‌కు బ్రెయిడ్, ఇంకొకదానికి పిల్లల కోసం 6 పౌండ్ల నైలాన్. పిల్లలు గట్టిగా గుంజుతారు, అక్కడ దారం సాగడమే మేలు.

---

కాలవగట్టు | మార్చి 9

నిన్న శనివారం దుకాణానికి వెళ్లాను. రీల్ వెంట తీసుకువెళ్లాను, అక్క చెప్పినట్టే మా ఆవిడ కొసను గొంతుకు ఆనించి మాట్లాడింది. మొదటి రాడ్‌లో చప్పుడే లేదు. మూడోది పట్టుకున్నప్పుడు ఆమె 'కూర ఏం వండాలి' అన్నది, ఆ మాటలు వేళ్లలో గిలిగింత పెట్టినట్టు తెలిశాయి.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి ఆరడుగులు, మీడియం, ఫాస్ట్, 1/4 నుంచి 5/8 ఔన్సు, ఒకే ముక్క. రెండోది ఆరడుగుల మూడంగుళాలు, మీడియం, ఎక్స్‌ట్రా ఫాస్ట్, 1/4 నుంచి 3/4 ఔన్సు, రెండు ముక్కలు, 20 డాలర్లు ఎక్కువ. మా కారు చిన్నది. రెండు ముక్కలైతే స్పర్శ తగ్గుతుందని అక్కడ ఒకాయన అన్నారు. నిజమేనా?

---

వెదురుబొంగు | మార్చి 9

ఒకప్పుడు లోహపు గొట్టంతో అతికేవారు, ఆ కాలపు మాట అది. ఇప్పుడు గ్రాఫైట్‌లోకే గ్రాఫైట్ దిగుతుంది, చేతికి తేడా తెలిసేంత ఉండదు. అతుకు దగ్గర మెలితిప్పి బిగించండి, గంటకోసారి వదులైందేమో చూసుకోండి. రెండోదే తీసుకోండి.

---

నదిలో_నావ | మార్చి 9

రెండోదే. 3/4 ఔన్సు దాని కొలతలోనే ఉంది.

---

ఈరీ_తీరం | మార్చి 10

కొన్నాక జాగ్రత్తలు నేను చెబుతాను. పోయినేడాది నా చేతిలోనే ఒక రాడ్ విరిగింది, ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

వలలోకి తీసుకునేటప్పుడు చేప పడవ పక్కనే ఉంది, దారం నాలుగడుగులే బయట ఉంది. నేను కంగారులో రాడ్‌ను తలపైకి నిలువుగా ఎత్తేశాను. అలా ఎత్తితే బరువంతా కొస ఒక్కదాని మీదే పడుతుంది, ఫాస్ట్ రాడ్‌కు అక్కడ బలం తక్కువ. కాబట్టి రాడ్‌ను భుజం ఎత్తు దాటనివ్వకండి, దారం ఇంకొంచెం వదలండి.

ఇంకొకటి, బరువైన సీసపు జిగ్‌ను ఊగుతూ వదిలేసి పడవలో తిరగకండి. ఒక్కసారి రాడ్‌కు తగిలితే పైకి చిన్న గీతే కనిపిస్తుంది, గ్రాఫైట్ లోపల మాత్రం చిట్లుతుంది. నెల తర్వాత చిన్న చేపకే విరిగిపోతే రాడ్‌ను తిట్టుకుంటాం. పిడి ముందున్న చిన్న కొక్కేనికి జిగ్ తగిలించి దారం బిగించండి.

ఉరుము వినిపించిన వెంటనే రాడ్ కింద పడుకోబెట్టి గట్టుకు చేరండి. గ్రాఫైట్‌లో కరెంటు ప్రవహిస్తుంది. ఈ విషయంలో పక్కవాళ్లు ఇంకా పడుతున్నారు కదా అని చూడకండి.

---

కాలవగట్టు | ఏప్రిల్ 20

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నిన్న నదికి వెళ్లి వచ్చాను.

తెల్లవారుజామున ఐదున్నరకు పడవ దింపాం. నీళ్లు 46 డిగ్రీల ఫారెన్‌హీట్. రెండు రోజుల గాలికి కలగి, టీ రంగులో ఉన్నాయి. 5/8 ఔన్సు నారింజ రంగు జిగ్, దానికి చిన్న మిన్నో చేప, వెనక ఒక చిన్న అదనపు గాలం. దించాను. టక్. రాయి. బెత్తెడు ఎత్తాను, దించాను, టక్. మెత్తగా తగిలితే ఇసుక, గరగరలాడితే గులకరాళ్లు. పోయినేడాది చీకటి గదిలో వెతుక్కున్నట్టున్న నది అడుగు ఇప్పుడు వేళ్లతో చదువుతున్నట్టుంది.

మొదటి చేప మీరు చెప్పినట్టు టక్కున కొట్టలేదు. జిగ్ దించుతుంటే తాకవలసిన చోట అడుగు తాకలేదు. బరువు మాయమైంది, అంతే. దారం తెగిందనుకున్నాను. మిత్రుడు 'గుంజు' అని అరిచాడు. మణికట్టుతో గుంజాను, బావిలో బిందె నీళ్లు నిండి బరువెక్కినట్టు రాడ్ ఆగిపోయింది, తర్వాత తల విదిలించడం మొదలైంది. అది కింది నుంచి వచ్చి జిగ్‌ను నోట పెట్టుకుని పైకి లేచిందట, అందుకే బరువు పోయింది.

పదహారు అంగుళాల మగది. పడవలోకి రాగానే ఆ కన్ను చూశాను. పొద్దు ఇంకా పూర్తిగా పొడవలేదు, పాలపూసలా మెరుస్తోంది. చాలాసేపు అలాగే చూస్తుండిపోయాను.

తొమ్మిది గంటలకు గాలి తిరిగింది, 3/4 ఔన్సుకు మారాను, కొస అప్పటికీ నిటారుగానే ఉంది. మొత్తం నాలుగు పట్టాను. ఒకటి గుడ్లతో పొట్ట నిండిన పెద్దది, దాన్ని వదిలేశాం. మూడు ఇంటికి తెచ్చాను. నది చేపలు ఎన్నాళ్లకు ఎన్ని తినవచ్చో రాష్ట్రం వారి సూచనలు చూసి, చర్మమూ కొవ్వూ తీసేసి వేపుడు చేశాం. తెల్లని కండ, ముళ్లు తక్కువ. పిల్లలు చారు అన్నం ముట్టుకోకుండా చేపలే తిన్నారు.

ఒక్క సంగతి మాత్రం మనసులో ఉంది. తిరిగి వచ్చేటప్పుడు పడవ అలలకు ఎగిరింది, రాడ్ కొస అంచుకు తగిలింది. పైకి ఏమీ కనిపించడం లేదు.

---

నదిలో_నావ | ఏప్రిల్ 20

శభాష్ తమ్ముడూ. బరువు మాయమవడం అన్నది చాలామందికి మూడో ఏడాది గానీ తెలియదు.

కొస గురించి ఇప్పుడే చూసుకో. చెవిలో పెట్టుకునే దూదిపుల్ల తీసుకుని ఒక్కొక్క ఉంగరం లోపల చుట్టూ తిప్పు. ఎక్కడైనా పీచు చిక్కుకుంటే ఆ ఉంగరం చిట్లినట్టు. అది బ్రెయిడ్‌ను కత్తిలా కోస్తుంది. తర్వాత దూదిని రాడ్ ఒంటి పొడవునా నెమ్మదిగా నడిపించు.

---

కాలవగట్టు | ఏప్రిల్ 20

చూశాను అన్నా. ఒంటికి ఏమీ కాలేదు. కొసన ఉన్న ఉంగరంలో పీచు చిక్కుకుంది, గోటితో తడిమితే సన్నని పగులు తెలుస్తోంది. రేపు సాయంత్రం మార్పించడానికి తీసుకువెళ్తాను. శనివారానికి సిద్ధం కాకపోతే మిత్రుడి దగ్గరున్న రెండో రాడ్ ఇస్తానన్నాడు.